వన్యప్రాణుల కేసులు నేర్చుకోవడానికి లా చదివాను: గుంటూరులో నా అనుభవం

గుంటూరులో ఉంటూ వన్యప్రాణి నేరాల దర్యాప్తు నేర్చుకోవాలంటే ఏ కాలేజీలో చేరాలని 2022లో కనిపించినవాళ్ళనల్లా అడిగాను. ఆ పేరుతో కోర్సు ఉందని చూపించినవాళ్ళు ఒక్కరూ లేరు. చివరికి మూడేళ్ళ ఎల్‌ఎల్‌బీలో చేరి, అందులో ఉన్న అవకాశాలనే నాకు కావలసిన వైపు తిప్పుకున్నాను. మొన్న ఫిబ్రవరిలో మూట్ కోర్టు (విద్యార్థులు వాదించే నమూనా కోర్టు), ఇంటర్న్‌షిప్ రికార్డులకు వైవా అయింది. ఇదే ఆలోచనతో ఉన్నవాళ్ళకు ఏ నెలలో ఏం జరుగుతుందో, ఎక్కడ ఆగిపోతుందో, చేతి నుంచి ఎంత ఖర్చవుతుందో ముందే తెలియాలని రాస్తున్నాను.

నాకు మొదట ఉన్న కోరిక అటవీ శాఖలో బీట్ ఆఫీసర్ ఉద్యోగం. బీఎస్సీలో జువాలజీ చదివాను. చిన్నప్పటి నుంచి ఉప్పలపాడు చెరువులో గూడబాతులను చూస్తూ పెరిగాను. ఆ ఉద్యోగానికి ఆడవాళ్ళు 4 గంటల్లో 16 కిలోమీటర్లు నడవాలి. నడక గురించి నాకు బెంగ లేదు. కానీ కనీస ఎత్తు 150 సెంటీమీటర్లు ఉండాలి, నాది 148. రెండు సెంటీమీటర్ల కోసం ఎవరితో పోట్లాడతాం? ఆ రాత్రి ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు. మర్నాడు మా మావయ్య వచ్చాడు. ఆయన పాతికేళ్ళుగా ఒక న్యాయవాది దగ్గర గుమస్తా. "అడవిలో పట్టుకున్నవాడు కోర్టులో బయటపడిపోతున్నాడు తల్లీ. ఆ సంగతి పట్టించుకునేవాళ్ళు తక్కువ. నువ్వు అది నేర్చుకో, దానికి ఎత్తు అడగరు" అన్నాడు. ఆ మాటతోనే లా ప్రవేశ పరీక్ష లాసెట్‌కు కూర్చున్నాను.

పరీక్ష 2023 మే 20న అయింది. ర్యాంకు త్వరగానే వచ్చినా కౌన్సెలింగ్ ఎప్పుడో తెలియక నెలల తరబడి ఎదురుచూశాను. సీటు ఖాయమై క్లాసులో కూర్చునేసరికి చలికాలం వచ్చేసింది. ఇలా ఎదురుచూసే కాలంలో, ఉన్న ఉద్యోగం మానేయకండి. నేను ఒక ల్యాబ్‌లో పనిచేస్తూనే ఉన్నాను, ఆ జీతంతోనే మొదటి ఏడాది ఫీజు కట్టాను.

పుస్తకాల కోసం విజయవాడ వెళ్ళి ఏలూరు రోడ్డులో దుకాణాలన్నీ తిరిగాను. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 మూలపాఠం కొనేటప్పుడు ముందు చివరి పేజీలు తిరగేయండి. షెడ్యూళ్ళు, అంటే ఏ జీవికి ఎంత రక్షణో చెప్పే జాబితాలు, ఆరు ఉంటే అది పాత ప్రతి. 2022 సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాక షెడ్యూళ్ళు నాలుగే. దుకాణాల్లో పాత ప్రతులు ఇంకా ఉన్నాయి, సగం ధరకు ఇస్తామంటారు. అయితే నేను రెండూ కొన్నాను. పాతది ఎందుకు కావాలో కోర్టు మెట్లు ఎక్కాక మీకే తెలుస్తుంది, ఆ సంగతి ముందుకు వెళ్ళాక చెబుతాను.

క్లాసులో ఏం చెబుతారంటే, పర్యావరణ చట్టం తప్పనిసరి పేపరు. వన్యప్రాణుల రక్షణ కూడా ఆ పేపరులో భాగమే. కానీ సెమిస్టరులో ఎక్కువ భాగం నీటి కాలుష్యం, గాలి కాలుష్యం, రాజ్యాంగంలో పర్యావరణ రక్షణ ప్రస్తావన ఉన్న 48ఎ, 51ఎ అధికరణలతో గడిచిపోయింది. వన్యప్రాణి చట్టానికి దక్కింది వారం రోజులు. మా మాస్టారిని నిందించలేను. ఆయన సిలబస్ పూర్తి చేయాలి. నా ఆసక్తి చూసి సెమినార్ అంశంగా వన్యప్రాణి చట్టంలోని 55వ సెక్షన్ ఇచ్చారు. నా చదువు నిజంగా మొదలైంది ఆ సెక్షన్‌తోనే.

దాని ప్రకారం, పోలీసులు చార్జిషీటు వేసినంత మాత్రాన కోర్టు కేసు తీసుకోదు. అధికారం ఉన్న అటవీ అధికారి స్వయంగా మేజిస్ట్రేటు ముందు ఫిర్యాదు దాఖలు చేయాలి. మామూలు పౌరుడు కూడా చేయవచ్చు, కాకపోతే ముందు 60 రోజుల నోటీసు ఇవ్వాలి. ఈ ఒక్క నిబంధన వల్ల దర్యాప్తు చేసేవాడు, కాగితాలు రాసేవాడు, ఫిర్యాదు వేసేవాడు, సాక్ష్యం చెప్పేవాడు అందరూ ఒకే చిన్న కార్యాలయం వాళ్ళే అవుతారు. పోలీసు స్టేషన్‌లో ఉన్నట్టు రైటర్లు, కోర్టు కానిస్టేబుళ్ళు అక్కడ ఉండరు. మూట్ కోర్టులో నేను వాదించింది కూడా దీనిమీదే. ఉడుముతో దొరికిన మనిషిమీద పోలీసులు నేరుగా చార్జిషీటు వేశారు, అది చెల్లుతుందా అన్నది సమస్య. 1988లో మురాద్ అలీ ఖాన్ కేసులో ఈ సెక్షన్‌మీద సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, 2010లో వన్యప్రాణుల స్మగ్లర్ సంసార్ చంద్ శిక్షను ఖాయం చేసిన తీర్పు ఆ నెల రోజులూ నా బల్లమీదే ఉన్నాయి. నల్లకోటు వేసుకుని మొదటిసారి నిలబడినప్పుడు గొంతు వణికింది, కానీ 55వ సెక్షన్ దగ్గరకు రాగానే వణుకు పోయింది. ఇష్టమైన విషయం మాట్లాడుతుంటే ఎంత బలం వస్తుందో ఆ రోజు తెలిసింది.

ఇక ఇంటర్న్‌షిప్. మూడేళ్ళ కోర్సులో కనీసం 12 వారాలు చేయాలి. ఏ ఏడాదీ వరుసగా 4 వారాలు దాటకూడదు. మొదటి విడత మావయ్య పనిచేసే న్యాయవాది దగ్గర చేశాను. రెండో విడత అటవీ శాఖలో చేస్తానని 2025 జనవరి నెలాఖరులో కాలేజీలో అడిగాను. అక్కడే మొదటి చిక్కు. అటవీ కార్యాలయంలో చేసింది లా ఇంటర్న్‌షిప్ కింద లెక్కకు వస్తుందా రాదా అని సందేహం. బార్ కౌన్సిల్ నిబంధనల ప్రతి తీసుకెళ్ళి చూపించాను. న్యాయవాదులు, న్యాయస్థానాలతో పాటు చట్టాన్ని అమలు చేసే నియంత్రణ సంస్థలు, స్థానిక సంస్థలు, స్వచ్ఛంద సంస్థలు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. సంతకం రావడానికి మూడు వారాలు పట్టింది.

అటవీ డివిజన్ కార్యాలయంలో దరఖాస్తు ఇచ్చాక ఫిబ్రవరి అంతా కబురు లేదు. మార్చిలో వెళ్తే "ఫైలు పైకి వెళ్ళిందమ్మా, అడవిలో మంటల కాలం, అధికారులందరూ లోపలే ఉన్నారు" అన్నారు. అది సాకు కాదని తర్వాత కళ్ళారా చూశాను. ఎండలు ముదిరాక ఒక పొగ కనిపించినా ఆఫీసు మొత్తం ఖాళీ అయిపోతుంది. ఏప్రిల్ చివరి వారంలో అనుమతి వచ్చింది. ప్రమాదం జరిగితే బాధ్యత నాదేననీ, ఫోటోలు ఎవరికీ పంపననీ రెండు హామీ పత్రాలు రాసిచ్చాను. అమ్మ మొదటిది చదివి చాలాసేపు చేతిలోనే పట్టుకుని కూర్చుంది. చివరికి "రోజూ సాయంత్రం ఫోన్ చెయ్యి" అని మాత్రం అంది.

మే మొదటి సోమవారం, డివిజన్ కింద ఉండే రేంజి ఆఫీసుకు వెళ్ళాను. బూట్లు, టోపీ, నీళ్ళ సీసాలతో సిద్ధమై వెళ్తే రేంజర్ గారు "అడవి ఎక్కడికీ పోదమ్మా. ముందు ఆ బీరువా చూడు" అన్నారు. బీరువా నిండా పాత కేసుల కట్టలు. అందులో ముగిసిపోయిన కొన్ని కేసుల మధ్యవర్తుల నివేదికలు నా ముందు పెట్టి, చేతికి ఎర్ర పెన్సిల్ ఇచ్చారు. "ముద్దాయి తరఫు వకీలు నువ్వే అనుకో. ఎక్కడ పట్టుకుంటావో గీత పెట్టు."

ఆ వారం నేర్చుకున్నంత రెండేళ్ళ క్లాసుల్లో నేర్చుకోలేదు. పోలీసు కేసుల్లో పంచనామా అన్నట్టే ఇక్కడ మధ్యవర్తుల నివేదిక. ఇద్దరు బయటివాళ్ళ సమక్షంలో, దొరికిన చోటే, దొరికింది దొరికినట్టు రాయాలి. రాత్రి పదకొండుకు పట్టుకున్నారని ఉంది, ఏ వెలుతురులో చూశారో లేదు. గీత పెట్టాను. గోనెసంచి అని ఉంది, దానికి వేసిన సీలు ఎవరిదో, ఆ సీలు నమూనా కాగితంమీద వేశారో లేదో తెలియదు. గీత. రాయడం ఎన్ని గంటలకు మొదలుపెట్టారో ఉంది, ముగించిన సమయం లేదు. గీత. రిజర్వు అడవిలో అని ఉంది, అడవిలో ఏ భాగమో చెప్పే కంపార్ట్‌మెంట్ నంబరు లేదు, జీపీఎస్ అంకెలు లేవు. మధ్యవర్తి ఇల్లు అక్కడికి ముప్పై కిలోమీటర్లు, ఆ వేళ అతను అక్కడికి ఎలా వచ్చాడో లేదు. ఇవి రాసినవాళ్ళు నిర్లక్ష్యపు మనుషులు కారు. రాత్రంతా నడిచి, ముగ్గురిని పట్టుకుని, బైకు హెడ్‌లైటు ముందు మోకాలిమీద అట్ట పెట్టుకుని రాసిన కాగితాలు అవి. కొన్నింటిమీద చెమట మరకలు ఇంకా ఉన్నాయి. ఏళ్ళ తర్వాత ఫ్యాను కింద కూర్చున్నవాళ్ళు ఆ కాగితాన్నే చీల్చి చూస్తారు. నాకు వాళ్ళమీద గౌరవం, ఈ వ్యవస్థమీద కోపం ఒకేసారి వచ్చాయి. తెలిసిన మనిషి ఒక్కరు ఆ రాత్రి పక్కన ఉండి ఆ నాలుగు వాక్యాలు గుర్తుచేస్తే చాలు, కేసు నిలిచేది.

రెండో వారం బయటికి తీసుకెళ్ళారు. పల్నాడు ఎండ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. తెల్లవారుజామున నాలుగున్నరకు బయలుదేరితే తొమ్మిదికల్లా వెనక్కి రావాలి. ఆడవాళ్ళకు ఒక మాట: దారిలో మరుగుదొడ్డి ఉండదు, ఆ భయంతో నీళ్ళు తాగడం మానేయకండి. నాతో వచ్చిన బీట్ ఆఫీసర్ అక్క మొదటి రోజే ఈ మాట చెప్పి, తన దుపట్టా తడిపి నా తలకు చుట్టింది.

పొలాలకూ అడవికీ మధ్య కంచె పక్కన, అడవి కాపలా చూసే ప్రొటెక్షన్ వాచరు ఒకాయన ఆగి, చెయ్యెత్తి మమ్మల్ని ఆపాడు. ఆయన చెంచు. నాకు ఏమీ కనిపించలేదు. ఆయన పుల్లతో ఆకులు పక్కకు జరిపితే బైకు బ్రేకు తీగతో చేసిన ఉచ్చు బయటపడింది. అడవిపంది కోసం పెట్టి ఉంటారు, కానీ అందులో ఏ కాలైనా పడొచ్చు, చిరుతదైనా. జంతువు పడకపోయినా సరే, చట్టంలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు. ఉచ్చు పెట్టడం, ఎర వేయడం, ఆ ప్రయత్నం చేయడం అన్నీ వేట కిందికే వస్తాయి. ఇది పుస్తకంలో చదివి మార్కులు తెచ్చుకున్న వాక్యమే. ఆ తీగ ముందు కూర్చున్నప్పుడు మాత్రం ఒళ్ళు జలదరించింది. ఫోటో తీసేముందు పక్కన స్కేలు పెట్టాలి. తీగను కోయాలే తప్ప ముడి విప్పకూడదు. ఒక్కొక్కరు ఒక్కో రకంగా ముడి వేస్తారు, అది తర్వాత ఆనవాలుగా పనికొస్తుంది. ఇవన్నీ నాకు నేర్పింది ఆ వాచరే.

మూడో వారంలో దుప్పి మాంసం కేసు వచ్చింది. వండని ముక్కలు, కొంత కూర. నేను ముట్టుకోకూడదు, చూడొచ్చు. వాసనకు కడుపులో తిప్పింది, అయినా కదలలేదు. మాంసం ఏ జంతువుదో తేల్చడానికి హైదరాబాదులోని సీసీఎంబీ పరిశోధన సంస్థకు చెందిన లాకోన్స్ ప్రయోగశాలకు నమూనా పంపుతారు. అక్కడ డీఎన్‌ఏ చూస్తారు. నమూనాను ఫార్మాలిన్‌లో వేస్తే డీఎన్‌ఏ దెబ్బతింటుంది. నీళ్ళు కలవని ఆల్కహాల్ కావాలి. ఆ సాయంత్రం అది ఎక్కడ దొరుకుతుందా అని ఆఫీసు వాళ్ళు ఊరంతా ఫోన్లు చేశారు. నేను పనిచేసిన ల్యాబ్ గుర్తొచ్చి అక్కడికి ఫోన్ చేయించాను. అరలీటరు సీసా వచ్చింది. ఆ కేసులో నా పాలు అంతే, కానీ ఆ రాత్రి తృప్తిగా నిద్రపోయాను. ఇలాంటి చిన్న వస్తువులు ఒక పెట్టెలో ముందే సర్ది ప్రతి రేంజిలో ఉంచితే ఎంత మేలో, నా రికార్డులో ప్రత్యేకంగా రాశాను.

చిలకల సంగతి కూడా చెప్పాలి. రామచిలకను పంజరంలో పెట్టడం సవరణకు ముందూ నేరమే, ఇప్పుడూ నేరమే. గుడి దగ్గర చిలక జోస్యం చెప్పే పెద్దాయన దగ్గరకు బీట్ ఆఫీసర్ అక్కతో కలిసి వెళ్ళాను. ఆయన చేతులు జోడించి "అమ్మా, నలభై ఏళ్ళ వృత్తి" అన్నాడు. రెక్కలు కత్తిరించిన రెండు చిలకలు కార్డులు తీస్తున్నాయి. వాటిని వెంటనే వదిలినా ఎగరలేవు, కుక్కల పాలవుతాయి. అక్క చాలాసేపు ఆయన పక్కనే కూర్చుని మాట్లాడి, చిలకలను స్వాధీనం చేసుకుని సంరక్షణకు పంపింది. పెద్దాయన ఖాళీ పంజరం పట్టుకుని నిలబడ్డాడు. చట్టం సరైనదే అని నేను ఇప్పటికీ నమ్ముతాను. ఆ చిలక పిల్లలను చెట్టు తొర్రల్లోంచి లాగేటప్పుడు ఎన్ని చచ్చిపోతాయో అక్క చెప్పింది. కానీ ఆ పెద్దాయన మరో పూట గడిచే దారి చూపించే సెక్షన్ ఆ చట్టంలో నాకు కనిపించలేదు, ఆ బాధ ఇంకా పోలేదు.

జూన్ మొదట్లో ఇంటర్న్‌షిప్ ముగిసింది. తర్వాతది కోర్టు. రికార్డులో రెండు విచారణలు చూసి రాయాలి, ఒకటి సివిల్, ఒకటి క్రిమినల్. దీనికి 30 మార్కులు. స్నేహితులందరూ చిన్న కొట్లాట కేసులు ఎంచుకుని త్వరగా ముగించారు. నేను వన్యప్రాణి కేసే కావాలని పట్టుబట్టాను. కోర్టు కేసుల వెబ్‌సైటు ఈ-కోర్ట్స్‌లో చట్టం పేరుతో వెతికే వీలుంది. ఆ విధంగా జిల్లాలోని ఒక జ్యుడీషియల్ ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ కోర్టులో 2019 నాటి నక్షత్ర తాబేళ్ళ కేసు దొరికింది. కోర్టులో ఊరికే వెనక కూర్చోవడానికి అనుమతి అక్కర్లేదు, కానీ ముందుగా బెంచి క్లర్కుకూ, ప్రభుత్వం తరఫున వాదించే ఏపీపీ గారికీ కాలేజీ ఉత్తరం చూపిస్తే మంచిది. ఏపీపీ గారు నన్ను ఎగాదిగా చూసి "ఈ కేసు చూడ్డానికి విద్యార్థి రావడం నా సర్వీసులో మొదటిసారి" అన్నారు.

ఆగస్టులో మొదలుపెట్టి నవంబరు వరకు వెళ్ళాను. ఒకరోజు మేజిస్ట్రేటు సెలవు, ఒకరోజు ముద్దాయి రాలేదు, మరో రోజు సాక్షికి ఎన్నికల శిక్షణ డ్యూటీ. ఉదయం పదిన్నరకు వెళ్ళి మధ్యాహ్నం మూడింటికి వాయిదా తేదీ రాసుకుని గుంటూరు బస్సెక్కడం అలవాటైంది. ఏ పనీ లేని ఆ గంటల్లో కూడా నోట్సు రాయండి. పిలుపు ఎలా జరుగుతుంది, వారంటు ఎలా వెనక్కి తీసుకుంటారు, ఎవరు ఏ కాగితం అడుగుతారు అన్నవన్నీ అక్కడే కనిపిస్తాయి.

విచారణ ఎందుకింత సాగుతుందో అక్కడే అర్థమైంది. పోలీసు చార్జిషీటుతో కాకుండా ఫిర్యాదుతో మొదలైన వారంటు కేసు (రెండేళ్ళకు మించి జైలు పడగల నేరం) కాబట్టి, అభియోగం మోపకముందే ప్రాసిక్యూషన్ సాక్ష్యం చెప్పించాలి. అభియోగం మోపిన తర్వాత అదే సాక్షులను ముద్దాయి తరఫువాళ్ళు మళ్ళీ క్రాస్ ఎగ్జామినేషన్ కోసం పిలిపించుకోవచ్చు. అంటే తాబేళ్ళను పట్టుకున్న సెక్షన్ ఆఫీసర్ ఒకే విషయం చెప్పడానికి రెండు దశల్లో రావాలి. ఆయన ఈలోగా బదిలీ అయ్యారు, తెల్లవారుజామునే బయలుదేరి బస్సు మారి వచ్చారు. వాయిదా పడిన రోజున ఆయనతో పాటు బయట టీ తాగాను. ఆయన ఒక్క విసుగు మాట కూడా అనలేదు.

ఆయన సాక్ష్యం జరిగిన రోజు నేను ఊపిరి బిగబట్టి విన్నాను. స్వాధీనం చేసుకున్నప్పుడు నివేదికలో ఉన్న సంఖ్యకూ, కోర్టు అనుమతితో అడవిలో వదిలినప్పుడు రాసిన సంఖ్యకూ మూడు తేడా. ముద్దాయి తరఫు న్యాయవాది గొంతు పెంచకుండా, మర్యాదగా అడిగారు: "ఆ మూడు ఏమయ్యాయి?" చనిపోయాయి అన్నారు సాక్షి. పోస్టుమార్టం చేశారా? చేశారు. నివేదిక ఉందా? ఫైలులో లేదు. మేజిస్ట్రేటు ఆ జవాబు రాయించుకుంటుంటే నా చేతిలో పెన్ను ఆగిపోయింది. మూడు జీవాలు సంచిలో నలిగి చచ్చిపోయాయి, ఇప్పుడు ఆ చావే ముద్దాయికి సాయం చేస్తోంది. ఇద్దరు మధ్యవర్తుల్లో ఒకాయన కాలం చేశారు. రెండో ఆయనను ఇంకా పిలవలేదు.

నేను కొన్న పాత పుస్తకం ఇక్కడ పనికొచ్చింది. నక్షత్ర తాబేలు ఇప్పుడు మొదటి షెడ్యూల్‌లో ఉంది. మూడేళ్ళకు తగ్గకుండా ఏడేళ్ళ వరకు జైలు, కనీసం 25,000 రూపాయల జరిమానా. కానీ 2019లో అది నాలుగో షెడ్యూల్‌లో ఉండేది, శిక్ష మూడేళ్ళ వరకు జైలు, లేదా 25,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. నేరం జరిగిన నాడు చట్టంలో ఉన్నదానికన్నా ఎక్కువ శిక్ష వేయకూడదని రాజ్యాంగం 20వ అధికరణ చెబుతోంది. కాబట్టి నడుస్తున్న కేసుల్లో చాలావాటికి పాత ప్రతే ఆధారం.

కొత్త కేసుల తీరు వేరు. 2024 జూలై 1 నుంచి కొత్త నేర చట్టాలు వచ్చాక సోదాలను వీడియో తీయడం ముఖ్యమైంది. ఆ వీడియో కోర్టులో చెల్లాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద రెండు భాగాల ధ్రువపత్రం కావాలి, అందులో ఫైలు హాష్ విలువ (ఫైలు మారలేదని చూపించే అంకెలు, అక్షరాల గుర్తు) కూడా రాయాలి. రేంజి ఆఫీసులో వీడియోలు సొంత ఫోన్లలో తీస్తున్నారు. హాష్ ఎలా తీయాలో నేను ఒక సాయంత్రం నలుగురు సిబ్బందికి చూపించాను. వయసులో పెద్దవాళ్ళు నోట్‌బుక్కులు తెచ్చుకుని రాసుకున్నారు. కాలేజీ చదువు వల్ల నాకు అన్నిటికన్నా గర్వం కలిగిన సాయంత్రం అది.

డబ్బు సంగతి. కోటు, బ్యాండ్లు 1,600. చట్టాల పుస్తకాలు అన్నీ కలిపి 2,300 దాకా. అడవికి వెళ్ళడానికి గట్టి బూట్లు 1,900, ఇక్కడ పొదుపు చేయకండి. ఇంటర్న్‌షిప్‌కు భత్యం ఏమీ లేదు, బస్సు, తిండి కలిపి నాలుగు వారాలకు 6,000 దాటింది. కోర్టు తిరుగుళ్ళకు మరో 3,000. రికార్డు పుస్తకాలు, జిరాక్సులు, బైండింగ్ 900. ఫీజు కాకుండా నా చేతి ఖర్చు ఇది. ల్యాబ్ ఉద్యోగం మే నెలలో సెలవు పెట్టడానికి ఒప్పుకోలేదు, ఆ నెల జీతం పోయింది. దాన్ని కూడా లెక్కలో వేసుకోండి.

కేసు ముగియకుండా రికార్డు ఒప్పుకుంటారా అని కాలేజీలో ముందే అడిగి రాతపూర్వకంగా తీసుకున్నాను. జరిగిన దశలన్నీ వరుసగా రాసి, మేజిస్ట్రేటు కోర్టు తేదీలు వేస్తే చాలన్నారు. ఫిబ్రవరి వైవాలో బయటి నుంచి వచ్చిన పరీక్షకురాలు రికార్డు తిరగేస్తూ తాబేళ్ళ పేజీ దగ్గర ఆగారు. "ఈ కేసు నీ చేతిలో పెడితే మొదట ఏ కాగితం అడుగుతావమ్మా?" అన్నారు. స్వాధీనం చేసుకున్న రోజు నుంచి వదిలిన రోజు వరకు ఆ జీవాలు ఎవరి చేతిలో ఉన్నాయి, ఎవరు మేత వేశారు, ఏది ఎప్పుడు చనిపోయింది, ఏ పశువైద్యుడు చూశాడు అని రోజువారీగా రాసిన రిజిస్టరు అడుగుతానన్నాను. అలాంటి రిజిస్టరు ఉంటుందా అని అడిగారు. నేను వెళ్ళిన రేంజిలో మే నెల నుంచి పెట్టారని చెప్పాను. దాని నమూనా రేంజర్ గారు, బీట్ ఆఫీసర్ అక్క, నేను కలిసి గీసుకున్నది. రికార్డు చివర అతికించి ఉంది. ఆమె అది పూర్తిగా చదివి, ఒక ప్రతి కావాలని అడిగి తీసుకెళ్ళారు.

మిగిలిన నాలుగు వారాల ఇంటర్న్‌షిప్‌కు ఈసారి నవంబరులోనే దరఖాస్తు ఇచ్చాను, జనవరికి అనుమతి చేతికొచ్చింది. మంటల కాలం మొదలైతే ఫైలు కదలదు, కాబట్టి మీరూ డిసెంబరు దాటనివ్వకండి. దరఖాస్తును అధికారి పేరుతో కాకుండా హోదాతో రాయండి, మధ్యలో బదిలీ అయినా చెల్లుతుంది. కాలేజీ ఉత్తరం, గుర్తింపు కార్డు ప్రతి, రెండు హామీ పత్రాలు మొదటి రోజే జతచేస్తే ఒక తిరుగుడు తప్పుతుంది. ఆఫీసులో కాగితాలు తీసుకునే ఇన్‌వార్డులో ఇచ్చి, మీ ప్రతిమీద ముద్ర, తేదీ వేయించుకోండి.